పెరట్లో చెట్టు మిరోఫోరాది

మిరోఫోరా నడుముకు కట్టుకున్న గుత్తిలో ఒకప్పుడు ఇరవై మూడు తాళంచెవులుండేవి. దీవిలో పాఫోస్ పట్నం పైన కొండల్లో ఉన్న ఆ ఊరివాళ్లు సగం మంది లిమసోల్‌కో లండన్‌కో వెళ్లిపోతూ, ఇల్లు చూస్తూ ఉండమని ఆమె చేతిలో పెట్టిపోయినవవి. పొద్దున్నే బయల్దేరి ఒక్కో తలుపూ తీసి, కిటికీలు బార్లా తెరిచి, మూలల్లో తేళ్లు చేరాయేమో చూసి, మళ్లీ అన్నీ మూసి పక్కింటికి నడిచేది. ఒకచోట కూచోవడం ఆమెకు చేతకాదు. "నీ కుర్చీ ఇంకా కొత్తగానే ఉందే, అమ్మేద్దామా?" అని మొగుడు బతికున్నన్నాళ్లూ ఎగతాళి చేసేవాడు. మధ్యాహ్నం ఊరంతా కునుకు తీస్తుంటే సందుల్లో ఆ గుత్తి గలగల ఒక్కటే వినిపించేది.

రాజధాని నికోసియా నుంచి పత్రికవాళ్లు వచ్చి "పాత ఇళ్ల ఆత్మను కాపాడుతున్న తల్లి" అని రాసిపోయారోసారి. ఆత్మా లేదు, గీత్మా లేదు. ఆమెకు కావలసింది రోజూ వెళ్లడానికి ఇరవై మూడు తలుపులు. అంతే.

ఆ తలుపుల్ని తన చేత్తోనే పోగొట్టుకుంది. కొనడానికి విదేశీయులు రావడం మొదలయ్యాక ఇళ్లు చూపించే పని కూడా ఆమెదే అయింది. పైకప్పు కారే గదిని ఎండపూట చూపించేది. బేరం తేలని వాళ్లను కూచోబెట్టి, పాకంలో ఊరిన లేత వాల్‌నట్ ఒకటి చెంచాతో అందించి, నురగ విరగని కాఫీ పోసేది. ఆ కాఫీ తాగాక వద్దన్నవాడు లేడు. కాని అమ్ముడైన మర్నాడు గుత్తిలోంచి ఒక తాళంచెవి ఊడదీసి ఇచ్చేయాలి. పదేళ్లు తిరిగేసరికి గుత్తికి మిగిలింది ఒక్కటే.

అది ఆమె నాయనమ్మ ఇంటిది. ముసలావిడ పోతూపోతూ ఇల్లూ పెరడూ చిన్నకొడుక్కి, ద్రాక్షతోట పెద్దకొడుక్కి ఇచ్చి, పెరట్లో ఉన్న ఆలివ్ చెట్టు మాత్రం పెద్దకొడుకు కూతురైన మిరోఫోరా పేర రాయించింది. నేల ఒకరిది, చెట్టు ఒకరిది కావడం ఆ దీవిలో వింతేమీ కాదు. చెట్టుకు వేరే పట్టా ఉంటుంది. ద్రాక్షతోట ఎప్పుడో చేతులు మారింది. ఇల్లు ఇప్పుడు బాబాయి కొడుకు హంబీస్‌ది. అతనికి లిమసోల్‌లో టైర్ల కొట్టు.

జనవరిలో హంబీస్ ఒక డచ్చావిడను వెంటబెట్టుకొచ్చాడు. పేరు మార్లైస్, అరవై దాటిన మనిషి, బడ్జెట్టూ టేపూ రెండూ జేబులోనే ఉన్నాయి. అప్పటికే బయానా ఇచ్చేసింది. పెరడు అటూ ఇటూ కొలిచి, చెట్టు కింద నిలబడి, "ఈత కొలను ఇక్కడ. చెట్టు తీసేస్తే సరిపోతుంది" అంది.

"చెట్టు నాది" అంది మిరోఫోరా, కాఫీ అందిస్తూ.

మార్లైస్ నవ్వింది, ఊరి సరసం అనుకుని. ఎవరూ నవ్వకపోయేసరికి హంబీస్ వైపు తిరిగింది. హంబీస్ మెడ గోక్కున్నాడు. దాచాలని దాచలేదు పాపం. ఊళ్లో మేకలకు కూడా తెలిసిన సంగతిని పనిగట్టుకుని చెప్పాలని అతనికి తోచలేదు.

మర్నాడు ఒంటరిగా వచ్చి మిరోఫోరా గుమ్మంలో చతికిలబడ్డాడు.

"అక్కా, నా పరువు తియ్యకే. చెట్టుకు ఎంత కావాలో చెప్పు."

"అమ్మను."

"ఏటా నూనె పంపిస్తా. డబ్బాల్లో. నువ్వు బతికున్నంతకాలం."

"నేను నూరేళ్లు బతుకుతానురా. నీ కొట్టు మునుగుతుంది."

"అసలు నువ్వు ఆలివ్‌లు తినవు కదే! ఉప్పు మానమన్నాడుగా డాక్టరు?"

"తినను."

"మరేంటి? నాయనమ్మ మీద ప్రేమా?"

"ఆవిడ నన్ను చీపురుతో కొట్టేది."

"మరెందుకే తల్లీ?"

మిరోఫోరా లేచింది. గుమ్మందాకా వెళ్లి, వెనక్కొచ్చి, కడిగిన గిన్నె మళ్లీ కడిగింది. ఇల్లు అమ్ముడైతే ఆఖరి తాళంచెవి పోతుంది. ఆ తర్వాత పొద్దున్నే లేచి ఎక్కడికి వెళ్లాలి? అరవై ఏడేళ్ల మనిషి ఈ మాట తమ్ముడితో ఎలా అంటుంది? వెనక్కి ఇవ్వక్కర్లేని తాళంచెవి ఆమెకు ఆ చెట్టొక్కటే.

"నాది కాబట్టి" అని మాత్రం అంది.

వారం రోజులు ఆమెకు కాలు నిలవలేదు. నాలుగు సార్లు కొండ దిగి నాలుగు సార్లు ఎక్కింది. కొనుక్కోడానికేమీ లేకున్నా రొట్టెల కొట్టుకు వెళ్లొచ్చింది. ఒకరోజు తలుపు తట్టింది మార్లైసే.

"నేను గూడా మొండిదాన్నే" అంది, ఇద్దరికీ సగంసగం వచ్చిన ఇంగ్లీషులో. "కానీ ఇల్లు నాకు కావాలి. కొలను మానేస్తా. చెట్టు ఉంచుకో. ఒక్కటి చెప్పు, నా పెరట్లోకి ఎన్నిసార్లు వస్తావు? నాకు మనుషులంటే కొంచెం దూరం."

"కాయలు దులిపేటప్పుడు. కొమ్మలు కత్తిరించేటప్పుడు."

"అంటే ఏడాదికి రెండుసార్లు. అది పర్లేదు. కాగితం మీద రాసుకుందాం."

రాసుకున్నారు. హంబీస్ సంతకం చేస్తూ దండం పెట్టినంత పని చేశాడు. కాయలు దులపడానికి, కొమ్మలు కత్తిరించడానికి చెట్టు యజమాని లోపలికి రావచ్చు అని రాశారు. ఎన్ని రోజులో ఎవరూ రాయలేదు. ఆలివ్ కొమ్మలు కత్తిరించడం ఒక పూట పనని ఊళ్లో అందరికీ తెలుసు, అందుకని. మిరోఫోరా ఆఖరి తాళంచెవిని గుత్తిలోంచి తీసి మార్లైస్ చేతిలో పెట్టింది. ఖాళీ తీగ చుట్టను మాత్రం మళ్లీ నడుముకే కట్టుకుంది.

ఫిబ్రవరి ఆఖర్న నిచ్చెన మోసుకుంటూ వచ్చింది. ఎక్కి, చెట్టంతా పరికించి చూసి, ఒక్క కొమ్మ నరికి దిగిపోయింది. మర్నాడు ఇంకొకటి. ఆ మర్నాడు చిటికెనవేలంత రెమ్మ.

పంతొమ్మిదో రోజున, పెరట్లో బల్ల దగ్గర కూచున్న మార్లైస్ పుస్తకం మూసి తలెత్తింది.

"ఇంకా అవలేదా?"

"చెట్టు పెద్దది" అంది మిరోఫోరా పైనుంచి.

"ఎప్పటికి అవుతుంది?"

మిరోఫోరా కొమ్మల్లోంచి కిందికి చూసింది. బల్లమీద కాఫీ ఉంది. నురగంతా విరిగిపోయి ఉంది.

"ఆ కాఫీ నువ్వే కాచావా?"

"అవును. ఏం?"

"రేపు నేను కాస్తాను" అని, రంపం కొమ్మకే తగిలించి నిచ్చెన దిగింది.