ఉగాండాలో నేను పెట్టిన ఆవకాయ

ఉగాండాలో, ఒక పిల్లల ఆశ్రమంలో, నన్ను వంటింట్లోంచి వెళ్ళగొట్టారు. చేతిలో గరిటె ఉండగానే వెళ్ళగొట్టారు. తల నల్లగా ఉన్ననాటి నుంచి కువైట్‌లో, అహ్మది కంపెనీ మెస్సులో, వందలమందికి వండిపెడుతున్నవాణ్ణి. ఉప్పెక్కువైందని ఒక్కడు అన్న పాపాన పోలేదు. అలాంటివాడికి పట్టిన గతి వింటే మీరు నవ్వుతారు. నవ్వండి. తప్పు నాదని మాత్రం అనకండి.

మా గేటు కాపలాదారు జోసెఫ్‌ది ఉగాండా. వాళ్ళ ఊళ్ళో సిస్టర్ ఆగ్నెస్ అనే ఆవిడ దిక్కులేని పిల్లల్ని పెంచుతున్నారు. ఆ మాట విని, నా సెలవంతా అక్కడే వండిపెడతానన్నాను.

"గోదారి మనిషివి, ఇంటికి పోక గాడికెందుకే కాకా?" అన్నాడు నా గదిలో ఉండే జగిత్యాల రాజన్న.

"ఆకలి ఎక్కడైనా ఆకలేరా!"

అక్కడ పొద్దున మొక్కజొన్న గంజి. మధ్యాహ్నం మొక్కజొన్న ముద్ద, చిక్కుడు గింజలు. రాత్రికి ఆ ముద్దే, ఆ గింజలే. మధ్యలో నీళ్ళు మోయడం, కట్టెలు కొట్టడం, పిల్లల బట్టలు పిండి ఆరేయడం. వారం తిరిగేసరికి నా నాలుక నాతో మాట్లాడటం మానేసింది.

వంటింటి వెనక ఒక గున్నమామిడి. మొదటి కాపు. కాయ టెంక కట్టి, గట్టిగా, ఆవకాయ కోసమే పుట్టినట్టుంది. ఒక్కో కాయ తొడిమకీ ఒక్కో రంగు గుడ్డపీలిక కట్టి ఉంది. ఓహో, వీళ్ళూ మనలాగే కాపుకి దిష్టి గుడ్డలు కడతారన్నమాట! ఎంత మురిసిపోయానని!

ఆదివారం అందరూ ప్రార్థనకి వెళ్ళారు. ఆవపిండి, కారం, నువ్వులనూనె కువైట్ నుంచి నా పెట్టెలో వచ్చినవే. కాయలన్నీ దింపి, తుడిచి, టెంకతో సహా కొట్టి, కలిపి డబ్బాకెత్తాను. గుడ్డపీలికలు పారేశాననుకున్నారా? ఉతికి దండెం మీద ఆరేశాను. నా మర్యాద అదీ!

తిరిగొచ్చిన పిల్లలు ముందు దండెం చూశారు. తర్వాత చెట్టు చూశారు. ఒక చిన్నపిల్ల వెళ్ళి పచ్చపీలిక లాక్కుని, గుండెకి అదుముకుని, ఎత్తుకుంది రాగం. వెనకే మిగతా అందరూ.

"ఏం చేశారు మీరు?" అన్నారు సిస్టర్.

"ఆవకాయండీ. ఏడాది నిలవుంటుంది."

"ఆ గుడ్డలు ఎందుకనుకున్నారు?"

"దిష్టికి కదండీ?"

"ఒక్కో బిడ్డది ఒక్కో కాయ. ఎవరి గుడ్డ వాళ్ళు కట్టుకున్నారు. పండేదాకా రోజూ వెళ్ళి చూసుకుంటారు. వీళ్ళకి నాది అని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే."

"మరి ఆ మాట ముందే చెప్పొద్దా? సబ్బెక్కడుందో చూపించారు, దుప్పటెక్కడుందో చూపించారు..."

"గరిటె ఇటివ్వండి."

మిగిలిన రోజులన్నీ నీళ్ళు మోశాను. నన్ను చూస్తే పిల్లల ముఖాలు పొంగని పూరీలయ్యేవి. డబ్బా మూత ఎవరూ తీయలేదు.

కువైట్ వచ్చాక ప్రతి శుక్రవారం సిస్టర్‌కి మెసేజ్ పెట్టాను: "ఆవకాయ ఎలా ఉంది? నేను మళ్ళీ రావచ్చా?" జవాబు లేదు.

"పోరగాండ్ల కాయలు తెంపి, ఎట్లున్నదని అడుగుతున్నవా? సిగ్గుండాలె కాకా!" అన్నాడు రాజన్న.

"పండితే ఒక్కపూట తినేవాళ్ళు. నేను పెట్టింది ఏడాది తింటారు. ఏది మేలో నువ్వే చెప్పు."

"గది సరే. ఆ పొల్ల ఏడ్సిందానికి ఏం జెప్తవ్?"

మర్నాడు వాడి పళ్ళెంలో మాంసం ముక్కలు తగ్గించాను.

అయినా పెద్దమనిషిని కనక, మెస్సులోని పెద్ద గుండిగ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: గుడ్డ కట్టిన కాయని ఈ జన్మలో ముట్టను. గుడ్డ కట్టని కాయ సంగతి మాత్రం మాట ఇవ్వలేను.

ఏడాది తిరిగాక, మొన్న శుక్రవారం సిస్టర్ జవాబు వచ్చింది:

"మీ డబ్బా ఖాళీ. పిల్లలు అడుగు కూడా నాకేశారు. చెట్టు మళ్ళీ కాసింది. ఒక కాయకి మీ పేరున ఎర్రగుడ్డ కట్టారు. రండి. కారం తెచ్చుకోవచ్చు. కాయ పండేదాకా మాత్రం అందరిలాగే మీరూ రోజూ వెళ్ళి చూసుకోవాలి."