కరస్పాండెంట్ ఫాదర్ మాట

ఫిరంగిపురం చుట్టుపక్కల మిషన్ బడిలో సీటు కావాలంటే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్లేవాడు అమాయకుడు. తెలిసినవాళ్లు నేరుగా కరస్పాండెంట్ ఫాదర్ దగ్గరికే వెళతారు. ఆయన గుడి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటారు. పిల్లవాడి తల నిమిరి, "సరేలే, సోమవారం పంపండి" అంటారు. ఆ మాట అన్నారంటే సీటు వచ్చినట్టే. కాగితాలు ఆ తరువాత వాటంతట అవే నడిచొస్తాయి.

ఫాదర్ ఇన్నాసు అలాంటి కుర్చీలో పదేళ్లకు పైగా కూర్చున్నారు. మనిషి సముద్రాలు దాటి ఐర్లండ్ చేరాడు గానీ, ఆ కుర్చీ ఆయన్ని వదిలిపెట్టలేదు.

ఆయన పుట్టింది మాలపల్లెలో. తల్లి మిరపకాయల కోతకు వెళ్లి, మండే చేతులు మజ్జిగలో ముంచుకుని పిల్లలకు అన్నం కలిపిన మనిషి. పెద్దకొడుకు గురువు, అంటే గుడిలో ఫాదరు, అవుతాడని తెలిసిన రోజున ఆ చేతులతోనే పల్లె అంతటికీ పరమాన్నం వడ్డించింది. చిన్నకొడుకు ఆమోసు టీచరు ట్రైనింగు చదివి, ఎస్సీ కోటాలో సర్కారు బడిలో ఉద్యోగం తెచ్చుకున్నాడు. తల్లి కళ్లు రెండూ చల్లబడ్డాయి అనుకున్నారంతా.

ఆ ఉద్యోగం మీద కన్నేసిన వాడొకడు పిటిషన్ పడేశాడు. "అన్న గుడిలో పూజ చేసే ఫాదరు. తమ్ముడు హిందువెట్టా అవుతాడు? ఎస్సీ ఎట్టా అవుతాడు?" అని. ఎంక్వైరీ ఆఫీసరు ముందు పెట్టిన రుజువు మరేదో కాదు, ఇన్నాసు గురుపట్టాభిషేకం నాటి ఫోటో. అందులో ఆమోసు అన్న పక్కనే కొవ్వొత్తి పట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. క్రైస్తవుడని తేలితే ఎస్సీ కోటా చెల్లదు. ఉద్యోగం పోయింది.

పరామర్శకు వెళ్లిన ఇన్నాసుకు మరదలు విజయరాణి మంచినీళ్లు ఇచ్చింది. ఆయన తాగే దాకా ఆగి, నెమ్మదిగా అంది.

"మీ నెత్తిన పోసిన నీళ్లు మా పొయ్యిలో పడ్డాయి బావగారూ."

ఆ రోజున ఆయన ఒట్టు పెట్టుకున్నారు. తన చేతుల మీదుగా జరిగే ఏ జ్ఞానస్నానాన్నీ, అంటే బాప్తిస్మాన్నీ, ఉద్యోగంతోనో సీటుతోనో ముడిపెట్టేది లేదని. ఆ ఒట్టు గుంటూరు జిల్లాలో ఉన్నంతకాలం నిలిచింది.

ఐర్లండు ఒకప్పుడు ప్రపంచమంతటికీ ఫాదర్లను పంపిన దేశం. ఇప్పుడు వాళ్ల గుళ్లలో పూజ చెప్పడానికి మనుషులు లేరు. మేత్రాసనం వారు, అంటే బిషప్పుగారి కచేరీ వారు, పంపగా ఇన్నాసు డబ్లిన్ దగ్గరి లీక్స్‌లిప్ పక్కనున్న ఒక విచారణకు, అంటే పారిష్‌కు, వచ్చిపడ్డారు. అక్కడి ముసలమ్మలు ఆయన పేరు నోరు తిరక్కనో, ముద్దుకో "ఫాదర్ ఇగ్గీ" చేసేశారు. స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుని, దాని మీద అంగీ వేసుకుని, ఖాళీ బెంచీలకు ప్రసంగం చెబుతూ ఒక ఏడాది గడిపారు.

గుడి పక్కనే బడి. ఆ దేశంలో చాలా బళ్లకు బిషప్పుగారే పెద్ద దిక్కు. విచారణ గురువు ఆ బడి బోర్డుకి చైర్మన్‌గా కూర్చోవడం అక్కడి ఆనవాయితీ. ఆ కబురు తెలియగానే ఇన్నాసు ముఖం విప్పారింది. "ఓహో! ఇక్కడా కరస్పాండెంటే అన్నమాట" అనుకున్నారు.

అలా అనుకోవడమే ఆయన చేసిన పొరపాటు.

మొదట్లో బోర్డు మీటింగులంటే టీ, బిస్కెట్లు, కారుతున్న పైకప్పు. పిల్లలు చాలడం లేదని, ఒక టీచరు పోస్టు తీసేస్తారేమోనని ప్రిన్సిపాల్ మిసెస్ గెరాటీ దిగులు పడేది. ఇంతలో లీక్స్‌లిప్‌లో కంప్యూటర్ చిప్పుల ఫ్యాక్టరీ పెరిగింది. క్రేన్లు లేచాయి, అద్దెలు లేచాయి. హైదరాబాదు నుంచీ బెంగుళూరు నుంచీ ఇంజనీర్లు పిల్లల్ని చంకనేసుకుని దిగారు. రెండేళ్లు తిరక్కుండానే జూనియర్ ఇన్‌ఫాంట్స్ అనే మొదటి క్లాసుకు సీట్ల కంటే పిల్లలు ఎక్కువయ్యారు. అప్పుడు పాత నియమం ఒకటి బయటికొచ్చింది. సీట్లు చాలకపోతే మొదట క్యాథలిక్ పిల్లలకు, మిగిలితే తక్కినవాళ్లకు. బోర్డు మీటింగులో ఆ కాగితం ముందుకొస్తే ఇన్నాసు బిస్కెట్టు ఎడమచేతిలోకి మార్చుకుని సంతకం పెట్టారు.

దేవకుమారి ఆయనకు ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోములో పరిచయమైంది. శుక్రవారాలు అక్కడివాళ్లకు సత్ప్రసాదం ఇవ్వడానికి వెళ్లేవారాయన. ఒకరోజు ఒక ముసలామె మంచం దుప్పటి మారుస్తూ ఎవరో తెలుగులో ఏసయ్య పాట కూనిరాగం తీస్తున్నారు. ఇన్నాసు గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏ ఊరమ్మా మీది?"

ఆమె గిరుక్కున తిరిగింది. "అమ్మో, తెలుగు! మాది చిలకలూరిపేట అవతలండీ. మీరు?"

"ఫిరంగిపురం దగ్గర."

"అట్టయితే అన్నయ్యవే! ఈ దేశంలో గుంటూరోళ్లు దొరకటం అంటే గోంగూర దొరికినట్టే."

మంచంలో ఉన్న ముసలామె ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీ ఇద్దరూ పోట్లాడుకుంటున్నారా?" అంది. తెలుగు విన్న ఐర్లండు వాళ్లకు అలాగే ఉంటుంది.

దేవకుమారి భర్త శ్యాం అత్లోన్‌లో మందుల కంపెనీలో పని చేస్తాడు, శని ఆదివారాలే వస్తాడు. తక్కిన రోజుల్లో ఆమె, కూతురు అబిగేయిల్. నర్సింగ్ హోములో ఆమెకు అప్పుడే ఉద్యోగం పర్మినెంటు అయింది. అబిగేయిల్‌కు గుడి పక్క బడిలో సీటు వస్తే, పొద్దున నడిపించుకెళ్లి దింపి, పనిలోకి వెళ్లొచ్చు. రాకపోతే ఆ ఉద్యోగం నిలవదు. ఆమెకు కావలసిందల్లా ఆ ఒక్క సీటు.

దేవకుమారి వాళ్లది బాప్టిస్టు సంఘం. ఆదివారం ప్రార్థన, పొద్దునా రాత్రీ వాక్యం తప్పవు. కానీ వాళ్లలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. బుద్ధెరిగి, తనకు తానుగా అడిగాక నీళ్లలో ముంచుతారు. కాబట్టి నోరు తెరిస్తే కీర్తనలు అప్పజెప్పే అబిగేయిల్, బడి లెక్కలో జ్ఞానస్నానం లేని పిల్ల. ఈ సంగతి ఇన్నాసుకు తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు. కరస్పాండెంట్ ఫాదర్ తలుచుకుంటే కానిదేముంది?

క్రిస్మసుకు ముందు దేవకుమారి గోంగూర పచ్చడి సీసా తెచ్చి, ఆయన వంటింట్లో ప్రెస్ తలుపు తీసి తానే సర్దింది. అక్కడ అల్మరాను ప్రెస్ అంటారు.

"ఫారం ఇచ్చానన్నయ్యా. ఇంకో రెండు బళ్లకి కూడా పెట్టుకోమంటున్నారు. బస్సెక్కి పోవాల్సినయ్యి. పెట్టేదా?"

"ఎందుకమ్మా ఆ తిప్పలు? నేనున్నాగా. నిశ్చింతగా పడుకో."

"అంతేనంటావా?"

"అంతే."

ఆమె ఇంకే బడికీ పెట్టలేదు.

అప్పటికి కొన్ని నెలల ముందే హేమచంద్, ఉమ ఆయన తలుపు తట్టారు. హేమచంద్ చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు.

"ఫాదర్, ఓపెన్‌గా చెప్తాను. మా లోహితకి స్కూల్ సీటు కావాలి. బాప్టిజం ఉంటే ప్రయారిటీ అంటున్నారు. చేసేయండి. ప్రాసెస్ ఏంటో చెప్తే ఫాలో అయిపోతాం."

"మా పూజగదిలో ఏసుప్రభువు ఫోటో కూడా ఉందండీ" అంది ఉమ, భర్త మాటకు పంచదార అద్దుతూ.

ఇన్నాసుకు ఒళ్లు మండింది. "సీటు కోసమైతే చెయ్యను. ముందు గుడికి రండి, ప్రార్థన నేర్చుకోండి. తరువాత చూద్దాం."

రారనుకున్నారు. వచ్చారు. ప్రతి ఆదివారం, గంట కొట్టకముందే, మొదటి బెంచీలో. ఉమ పూజలోని జవాబులన్నీ ఐరిష్ వాళ్లకంటే స్పష్టంగా చెప్పేది. పూజ తరువాత కాఫీలకు పులిహోర తెచ్చేది. ముసలమ్మలు "ఫాదర్ ఇగ్గీ, ఎంత చక్కటి కుటుంబాన్ని తెచ్చారు!" అని ఆయన చెయ్యి పట్టుకుని ఊపేవారు. బిషప్పుగారు ఒకసారి వచ్చి ఆ బెంచీ చూసి తలాడించారు. ఇన్నాసు ఛాతీ కాస్త ఉబ్బింది. దేవుడు ఏ దారిన పిలుస్తాడో ఎవరికెరుక, అని తనకు తానే ప్రసంగం చెప్పుకున్నారు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టడానికి మనిషికి ఆ మాత్రం పొగడ్త చాలు కాబోలు.

జనవరిలో, ప్రభువు జ్ఞానస్నాన పండుగ నాడు, లోహిత నెత్తిన ఆయన నీళ్లు పోశారు. పిల్ల చొక్కా కాలరు తుడుచుకుంటూ, "మమ్మీ, ఆర్ వీ డన్?" అంది. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు.

వసంతంలో సీట్లు తేలాయి. చివరి సీటు లోహితకు. ఆ గీతకు అవతల, వెయిటింగులో, అబిగేయిల్.

ఇన్నాసు మిసెస్ గెరాటీ గదికి వెళ్లి, వరండా కుర్చీలో కూర్చున్నట్టే కూర్చున్నారు.

"ఆ పిల్లను కూడా చేర్చుకోండి. నేను మాటిచ్చాను."

"మాటిచ్చారా?" ఆమె కళ్లజోడు తీసింది. "ఫాదర్, మీరు చాలా మంచివారు. కానీ క్లాసు నిండింది. ఒకరి కోసం నియమం దాటితే తక్కినవాళ్లంతా అప్పీలుకు వెళతారు. ఆ నియమం కింద సంతకం మీదే కదా?"

"మా దేశంలో అయితే..."

"అక్కడ ఎలాగో నాకు తెలియదు. ఇక్కడ చైర్మన్ అంటే మీటింగు మొదలుపెట్టే మనిషి, ఫాదర్." మాట మెత్తగానే అంది. ఆ మెత్తదనమే ఆయనకు గుచ్చుకుంది. పోనీ అని ఆమె మరొకటి చెప్పింది. ఒక కుటుంబం ఊరు మారుతోందట, ఒక సీటు ఖాళీ అవుతుందట. "వెయిటింగులోనూ క్యాథలిక్ పిల్లలే ముందు. ఇప్పటికిప్పుడు ఒకరూ లేరు గానీ, రేపు ఎవరైనా రావచ్చు. ఆ పాపకు మీరే జ్ఞానస్నానం ఇచ్చేస్తే ఇక ఏ చిక్కూ లేదు. అంతా గ్రాండ్." బాగుందనడానికి అక్కడ అదే మాట.

దారంతా ఆయనకు విజయరాణి మాట వినిపిస్తూనే ఉంది. అయినా కాళ్లు దేవకుమారి ఇంటికే నడిచాయి.

ఆమె అబిగేయిల్‌కు జడ వేస్తోంది. ఆయన చెప్పింది ఆసాంతం విని, చిక్కు తీసే దువ్వెన ఆపకుండానే అడిగింది.

"అంటే ఇప్పుడు పిల్లకి నీళ్లు పోస్తే సీటొస్తది."

"నామమాత్రంగానే అమ్మా. తరువాత మీ సంఘంలో మీరు..."

"నామమాత్రంగానా?" ఆమె దువ్వెన పక్కన పెట్టింది. "మా నాయన పడుచుతనంలో బాప్తిస్మానికి కాలవలో మునిగాడు. ఆ ఒక్క మునక్కి, కౌలుకిచ్చిన ఆసామి చేను లాగేసుకున్నాడు. అయినా కిక్కురుమన్లేదు. నీ తమ్ముడి సంగతి నువ్వే చెప్తివి గదా నాకు, ఏడుపొక్కటే తక్కువగా! ఆ నొప్పి తెలిసిన మనిషే వచ్చి, నా బిడ్డ నెత్తిన సీటు కోసం చెంబుడు నీళ్లు పోస్తానంటాడా?"

"నువ్వు పనికి పోవాలి కదమ్మా..."

"పోవాలి. ఇంకో రెండు బళ్లకి పెట్టేదా అని అడిగితే, వద్దు, నిశ్చింతగా పడుకో అన్నదెవరు?"

ఆ బళ్ల గడువులు ఎప్పుడో దాటిపోయాయి. అబిగేయిల్ సగం జడతో తల తిప్పి చూసింది.

"ఆర్ యూ ఓకే, ఫాదర్?"

"అయామ్ గ్రాండ్, తల్లీ" అన్నారాయన.

"పోనీయండి ఫాదర్ గారూ" అంది దేవకుమారి, జడ మళ్లీ అందుకుంటూ. అన్నయ్య అన్న పిలుపు ఆ గదిలోనే ఆగిపోయింది.

ఆ ఖాళీ సీటు డబ్లిన్ నుంచి కొత్తగా వచ్చిన వేరొక క్యాథలిక్ పిల్లవాడికి వెళ్లింది. దేవకుమారి కొత్తగా వచ్చిన పర్మినెంటు ఉద్యోగం వదిలేసింది. శ్యాం ఉండే అత్లోన్‌లో అబిగేయిల్‌కు సీటు దొరికితే సామాను కట్టుకుని వెళ్లిపోయింది. వెళ్లే ముందు నర్సింగ్ హోములో ముసలివాళ్లందరి దగ్గరా పేరు పేరునా సెలవు తీసుకుంది. గుడి దాకా రాలేదు.

లోహితకు సీటు ఖాయమైన వారం నుంచి మొదటి బెంచీ ఖాళీ. మరికొన్ని వారాలకు హేమచంద్ బడి గేటు దగ్గర తగిలాడు.

"సారీ ఫాదర్, సండేస్ అసలు కుదరట్లేదు. లోహితకి స్విమ్మింగ్ క్లాసు."

అందులో కపటమేమీ లేదు. పని అయిపోయింది, అంతే. ముసలమ్మలు మాత్రం, "ఆ పులిహోర అమ్మాయి ఏమైంది ఫాదర్?" అని అడుగుతూనే ఉన్నారు. బడి తెరిచిన రోజున కొత్త పిల్లలను దీవించడానికి ఆయన్ని పిలిచారు. వరసలోంచి లోహిత చెయ్యూపి, "హాయ్ ఫాదర్ ఇగ్గీ!" అని కేకేసింది. ఆయన అందరితో పాటు ఆ పిల్లనూ దీవించారు. పిల్లదేం తప్పు?

మరుసటి ఏడాది చట్టం మారింది. ఇలాంటి బళ్లలో సీటుకు జ్ఞానస్నానం ఇక లెక్కకు రాదన్నారు. బోర్డు మీటింగులో మిసెస్ గెరాటీ కొత్త కాగితం చదివి, "అందరికీ సమ్మతమేనా?" అంది. సమ్మతమే. టీ చల్లారకముందే అయిపోయింది. ఇన్నాసు సంతకం చేశారు. అబిగేయిల్ పేరు ఆ బల్ల చుట్టూ ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి ఆయన అత్లోన్‌కి ఫోన్ చేశారు.

"అమ్మా, ఇక్కడ ఆ నియమం తీసేశారు. ఇకమీదట ఎవరినీ అడగరు."

"అట్టాగాండీ. సంతోషం." వెనక పసిబిడ్డ ఏడుపు వినపడింది. "మాకు బాబు పుట్టాడండీ."

"ఎంత మంచి మాట చెప్పావమ్మా! వాడికి బడి దగ్గరేనా అక్కడ?"

"వాడికి అప్పుడే మూడు బళ్లలో పేరు రాయించానండీ" అంది దేవకుమారి. "ఎవుర్నీ అడగలా. ఉంటా ఫాదర్ గారూ, వందనాలు."