చేను కాసే గొంతు

ఎమ్మెస్సీ జువాలజీ ప్రాజెక్టు కోసం ఆదోని పక్క కొండ అడవిలో కోతుల గుంపును గమనిస్తున్న రోజులవి. కింద వేరుశనగ చేనులోంచి ఒక మనిషి "హోయ్! యాడికి దిగేది? పోండి పైకి!" అని పొద్దస్తమానం అరిచేవాడు. ఎప్పుడూ అదే మాట. ఆ కేకకు కోతులు చెల్లాచెదురయ్యేవి. నా పని సాగేది కాదు.

ఒకరోజు విసుగొచ్చి చేనులోకి దిగాను. నడివయసు ఆవిడ ఒక్కతే కలుపు తీస్తోంది.

"అక్కా, అన్నకు కాసేపు అరవొద్దని చెప్పు. నా పని చెడిపోతాంది."

ఆమె గట్టు వైపు చూపించింది. అక్కడ పాతిన కట్టెకు బ్యాటరీతో నడిచే చిన్న మైకు కట్టి ఉంది. నేను చూస్తుండగానే అది "హోయ్!" అని అరిచి, చివర్లో దగ్గింది.

"నా మొగుడు పోయి ఏడాదాయె. అరిచి అరిచి గొంతు పోతాందని, బతికుండగానే ఆయప్పే దీంట్లో రికార్డు చేసి పెట్టినాడు."

ఆమె లేచి వెళ్లి మైకు ఆపేసింది. "పో, నీ పని చూసుకోప్పా."

చేనంతా మూగబోయింది. కోతులు మాత్రం కిందికి దిగలేదు. బండల మీద కూర్చుని, కదలకుండా ఆ కట్టె వైపే చూస్తున్నాయి.

"పెట్టక్కా, మళ్లీ పెట్టు" అన్నాను.

"ఆయప్ప లేడని ఊరందరికీ తెలుసు" అంటూ ఆమె మీట నొక్కింది. "వాటికొక్కటే తెల్దు. తెలీనీయొద్దప్పా."

ఇప్పుడు ఎమ్మిగనూరులో పాఠాలు చెబుతున్నాను. దారిలో ఏ చేనులో మైకు వినిపించినా, ఆ గొంతు ఆగకముందే దాటిపోవాలని బండి వేగం పెంచుతాను.