సంచి కొరికింది ఇది కాదు

ఈ ఉదయం వర్క్‌షాపు సైరను మోగుతుండగా మా వంటింట్లో ఎలుకల బోను తలుపు టప్పున పడింది. రేషను బియ్యం సంచికి బెజ్జం పెట్టిన దొంగ దొరికిందని అత్తగారు బోనుతో సహా ముంచేయడానికి బకెట్టు నిండా నీళ్ళు పట్టేశారు. నేను తొంగి చూశాను. పొడుగాటి మూతి, ఆవగింజలంత కళ్ళు, మొదట్లో లావుగా ఉండి పొడుగు వెంట్రుకలున్న తోక. ఎలుక కాదు, చుంచు.

నేను బడిలో జంతుశాస్త్రం చెబుతాను. పాఠం కోసం దాచుకున్న రెండు పుర్రెలు తెచ్చి ఆవిడకు చూపించాను.

“ఇది ఎలకది అత్తయ్యా. ముందర ఉలుల్లాంటి పళ్ళు, వాటెనకాల ఇంత ఖాళీ. ఇదేమో చుంచుది. సందు లేకుండా సూదుల్లాగ వరసగా ఉన్నాయి, సూడండి. బొద్దింకలు నమలడానికే గానీ సంచులు కొరకడానికి కాదు.”

అత్తగారు నాలుకతో తన పళ్ళ సందులు తడుముకున్నారు.

“సందున్నోల్లంతా దొంగలైతే నన్ను కూడా బోన్లో ఎట్టీయే!”

అయినా బకెట్టులో నీళ్ళు మల్లెమొక్కకు పోసి, చుంచు కంపుకి ముక్కు మూసుకుని, కాలవ పక్కన బోను తలుపు తనే ఎత్తారు.

సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన మావారు దొంగ సంగతి అడిగితే, “పట్టినాం, ఒగ్గీసినాం. రేపట్నించి ఏది పడినా ముందు నీ పెళ్ళాం దాని పళ్ళు సూడాల. ఆ తరవాతే నీల్లు” అన్నారు అత్తగారు.

అసలు దొంగ ఇప్పుడు కూడా సంచి వెనక కరకరలాడిస్తోంది. మీ ఇళ్ళల్లో ఇలాంటి తీర్పులు ఎవరు చెబుతారు?