చాక్లెట్ల డబ్బాలో విటమిన్ బిళ్లలు

నాలుగేళ్ల కిందట బాన్సువాడలో, మా వాకిట్లో ఆడుకుంటున్న పిల్లలందరినీ ఒకే మధ్యాహ్నం దవాఖానకు పంపబోయిన ఘనుణ్ణి నేను. వినండి, నవ్వుకోండి, నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకండి.

మా పాప సిరికి అప్పుడు ఏడేళ్లు. అన్నం పళ్లెం ముందు పెడితే గోడకేసి చూస్తూ కూర్చునేది. డాక్టర్ రోజుకొక విటమిన్ బిళ్ల, నమిలి తినేది, రాసిచ్చాడు. నా భార్య మంజులకు బిచ్కుందలో బ్యాంకు ఉద్యోగం. బస్సుకు బయలుదేరుతూ మూడు మాటలే చెప్పింది. "బిళ్లల్ని సీసాల్నే ఉంచు. పైన పెట్టు. రోజుకొక్కటే."

మూడూ విన్నాను. అయితే నాకు తెలివి కొంచెం ఎక్కువ. మందంటే పాప నోరు తెరవదని, ముప్పై బిళ్లలూ ఖాళీ చాక్లెట్ల డబ్బాలో పోసి సీసా పారేశాను. మా అమ్మ వింటుండగానే, "రోజుకొక చాక్లెట్ ఇస్త బిడ్డా" అన్నాను. డబ్బా కిటికీలో పెట్టాను. పాప బుద్ధిగా తిన్నది. నా భుజం నేనే తట్టుకున్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం దుకాణం నుంచి అన్నానికి ఇంటికొచ్చాను. వాకిట్లో మా అమ్మ, పక్కింటి లక్ష్మక్క, ఇంకో ఇద్దరు ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. ఒంటిపూట బడులు కాబట్టి వాళ్ల పిల్లలు ఐదుగురూ అక్కడే ఉన్నారు. అందరి దవడలూ ఆడుతున్నాయి. డబ్బా మా అమ్మ పక్కన ఉంది.

"ఏం తింటున్నరమ్మా వీళ్లు?"

"చాక్లెట్లు. పదిమంది పిల్లలల్ల సిరి ఒక్కతే తింటే దిష్టి తగుల్తది గద కొడుకా. తలా ఒక్కటి పెట్టిన."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడగకుండానే వాకిలి మొత్తానికీ పెట్టింది.

"అవి మందులమ్మా."

"మందులైతే చాక్లెట్లని ఎందుకంటివి?"

డాక్టర్‌కు ఫోన్ చేశాను.

"వాటిలో ఐరన్ ఉందా? ఎక్కువైతే చిన్నపిల్లలకు ప్రమాదం. సీసా మీద చూడండి."

"సీసా పారేసిన సార్."

"ఎన్ని తిన్నరు?"

లెక్కపెట్టాను. సిరికి ఏడు, పిల్లలకు ఐదు పోతే పద్దెనిమిది ఉండాలి. పదకొండే ఉన్నాయి. లక్ష్మక్క రెండేళ్ల కొడుకు నములుతూ నములుతూనే కునికిపాట్లు పడుతున్నాడు.

"వీడే తిన్నడా ఏంది?" లక్ష్మక్క వాణ్ణి కుదిపి నోరు తెరిపించింది. వాడు ఏడ్చాడు. నాకూ ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు సిరి తన బొమ్మల బుట్టలోంచి సీసా తెచ్చిచ్చింది. "నువ్వు పారేస్తె నేను తీసుకున్న నాన్న. నా బొమ్మకు మందు సీసా కావాలె గద."

"ఇది మందు సీసా అని నీకెట్ల తెల్సు?"

"మీద రాసుంది. మొదటి రోజే చదివిన. నువ్వు చాక్లెట్ అనుకుంట మస్తు సంబురపడుతుంటివి, ఇగ నేనేం అనలె."

అంటే నేను మోసం చేసింది మా అమ్మనొక్కదాన్నే. సీసా మీద ఉన్నదంతా డాక్టర్‌కు చదివి వినిపించాను. ఐరన్ లేదు.

"తలా ఒక్కటైతే భయం లేదు. మిగిలిన ఏడు ఎవరు తిన్నరో తెలుసుకోండి. ఒక్క పిల్లే తింటే వెంటనే తీసుకురండి."

పిల్లల్ని వరసగా నిలబెట్టి అడిగాను. అందరూ తల అడ్డంగా ఊపారు. లక్ష్మక్క కొడుకును చంకనేసుకొని చెప్పులేసుకుంది. నేను బండి తాళం అందుకున్నాను. మా అమ్మ చాటలోంచి తల ఎత్తలేదు.

"దవాఖాన ఎందుకు? ఆ ఏడు నేను తిన్న."

"నువ్వా?"

"రోజుకొక్కటే తిన్న. షుగరని ఈ ఇంట్ల నాకు ఒక్క చాక్లెట్ పెట్టినోళ్లు లేరు. అయినా తిన్నకాడి నుంచి మోకాళ్లు జర మంచిగున్నయి, అబద్ధమెందుకు."

లక్ష్మక్క ముందు ఏడ్చి, తర్వాత నవ్వింది. నేనూ అదే వరసలో కానిచ్చాను. మళ్లీ ఫోన్ చేస్తే డాక్టర్ అంతా విని, అమ్మకు షుగర్ పరీక్ష చేయించమని చెప్పి, "మీ పాపకివ్వండి ఫోన్. జాగ్రత్తలు ఆమెకు చెప్తా" అన్నాడు.

మా వాకిట్లోని నాలుగు చాటల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో మందును మందనే పిలుస్తాను, దాని సీసాలోంచి కదిలించను. సీసా ఆ సాయంత్రమే బీరువా పై అరకెక్కింది, తాళం మంజుల దగ్గరికి చేరింది. 'పిల్లలకు అందకుండా ఉంచండి' అని మంజుల ఒక చీటీ రాసి బీరువాకు అంటించింది. దాని కింద సిరి పెన్సిల్‌తో ఇంకో ముక్క చేర్చింది: 'అవ్వకు, నాన్నకు కూడ.'