బావి ఒక భాగం, బుల్లెట్ ఒక భాగం

మా ఊరి గుట్టను బుల్లెట్ మీద, కాలు కింద పెట్టకుండా, మొదటి గేరు మార్చకుండా ఎక్కినవాడు ఈ భూమ్మీద నేనొక్కణ్ణే. వెనక సీటు మీద మా ఆవిడ, ఆమె ఒళ్లో నిండు నీళ్ల బిందె. పైకి చేరేసరికి బిందెలో చుక్క తొణకలేదు. ఈ మాట మొన్న ఆదివారం మా వసారాలో కూర్చున్న ముగ్గురు పడుచువాళ్లకు చెప్పాను. ఇద్దరు మగపిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. వాళ్లతో వచ్చిన అమ్మాయి మాత్రం లోపల మా ఆవిడ ఉందేమోనని ఒకసారి తలుపు వైపు చూసింది. తెలివిగల పిల్ల.

వాళ్లు తిరుపతి నుంచి కారు నెత్తిన సైకిళ్లు కట్టుకుని వచ్చారు. సైకిలు మనిషిని మోసే కాలం పోయి, సైకిలునే కారు మోసే కాలం వచ్చింది. లావు టైర్లు, ముందొక స్ప్రింగు, వెనకొక స్ప్రింగు, లెక్కలేనన్ని గేర్లు. సైకిళ్లను భుజాన వేసుకుని గుట్ట పైకి నడిచి, అక్కడినుంచి మా చేనిదాకా దుమ్ము రేపుకుంటూ దిగారు. చూడ్డానికి ముచ్చటేసింది, లేదని ఎందుకనాలి? ఈ వయసులో నాకూ ఒకసారి ఎక్కి దిగాలనిపించింది. అంతలో ఒకడు ఫోను తీసి, తామంతా ఈ దారికి పెట్టుకున్న పేరు చూపించాడు. ఏదో ఇంగ్లీషు పేరు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ దారి నేను వేసింది. మేకలు నడిచే జాడను బుల్లెట్ టైర్లతో తొక్కితొక్కి, రాళ్లు పక్కకు దొర్లించి, ముళ్లకంపలు నరికి, ఏళ్ల తరబడి వేసింది. దానికి పేరు పెట్టేందుకు వీళ్లెవరు? "రండి, కూర్చోండి, ఆ దారి కథ చెప్తా" అని వసారాలోకి పిలిచాను. కోపంలో పిలిచినా పిలుపు పిలుపే గనక వాళ్లు వచ్చి కూర్చున్నారు.

బిందె సంగతి కొంచెం సాగదీశాను. గుట్ట నడిమిలో ఏనుగు వీపు లాంటి నున్నటి బండ ఒకటి ఉంది. దాని దగ్గరికి పోయేసరికి ఇంజను ముక్కింది, మూలిగింది, ఆగిపోయింది. బండి వెనక్కి జారింది. రెండు కాళ్లూ కింద పెట్టాను, ఒక చెప్పు పోయింది. మా ఆవిడ అసలు బండి ఎక్కనే లేదు. బిందె నెత్తిన పెట్టుకుని మేకల దారిన నడిచి, నాకంటే ముందు పైకి చేరి, బండ నీడన కూర్చుని నా కోసం ఎదురు చూసింది. చుక్క తొణకలేదన్నది మాత్రం నిజం.

ఆ బుల్లెట్ మా నాయన కొన్నది. చిత్తూరు బెల్లం మండీకి బస్సులో పోయి రావడం ఆయనకు చిన్నతనంగా ఉండేది. ఎవరో వాడి వదిలేసిన బండిని కొన్నాడు గానీ, తోలడం ఆయనకు రాలేదు. మా అన్నకు దాన్ని చూస్తేనే భయం. కొమ్ములు విసిరే ఎద్దు పక్కన నిలబడినట్టు నిలబడేవాడు. అది కిక్కు కొడితే లేచే బండి కాదు. ముందు చిన్న మీట నొక్కి ఇంజనులో ఊపిరి వదిలించాలి, మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా మెల్లగా తొక్కాలి, అప్పుడు ఒంటి బరువంతా వేసి ఒక్క తన్ను తన్నాలి. తప్పితే అది మనల్ని తిరిగి తన్నుతుంది. నా కుడి మోకాలు ఈరోజుకీ వాన వచ్చేముందు ఆ తన్నును గుర్తు చేస్తుంది. ఇంట్లో ఆ బండి నా ఒక్కడికే లొంగింది. నేను దానికి అంతకంటే ఎక్కువ లొంగాను. నాయన బతికి ఉండగానే, ఆయన తిరుచానూరు పెళ్లికి పోయిన రోజు చూసి, కొట్టంలో ఉన్న దూడను అమ్మి కొత్త పిస్టన్ వేయించాను. తిరిగొచ్చి ఆయన దూడ కోసం వెతుకుతుంటే, ఇంజను ఆన్ చేసి "వినుకో నాయనా, ఎంత చక్కగా అరుస్తాండాదో" అన్నాను. ఆయన చెప్పు తీశాడు.

నాయన పోయిన మరుసటేడు, తొంభైల మొదట్లో, పంపకాలు వచ్చాయి. మా పక్క ఒక పద్ధతి ఉంది. పెద్దోడు భాగాలు వెయ్యాలి, చిన్నోడు తనకు కావలసిన భాగం ముందు ఎత్తుకోవాలి. ఏ భాగం తనకు మిగులుతుందో తెలియదు గనక పెద్దోడు ధర్మంగా పంచుతాడని మన పెద్దల ఆలోచన. ఆ పెద్దలకు మా అన్న సంగతి తెలియదు. ఆయన ఒక పక్క బావి, మోటారు, బావి కింది చెరుకు కయ్యలు, మామిడి తోపు పెట్టాడు. రెండో పక్క గుట్టకింది మెట్ట, దాని మొదట్లో ఒక పాత కొట్టం, దాంతో పాటు బుల్లెట్. పెద్దరికానికి వచ్చిన మా మేనమామ ఎగిరిపడ్డాడు. "రేయ్, ఇదేం పంపకంరా? ఒగ పక్క బాయి, ఇంగో పక్క ఇనుము!" మా అన్న తల ఎత్తలేదు. "వాడు చిన్నోడు గదా మామా. ఎత్తుకునేది వాడే. వాడిష్టం" అన్నాడు. బండి వాకిట్లో ఎండకు నిలబడి ఉంది. ట్యాంకు మీద ఎండ పడి, నల్లరంగు నూనె రాసిన రాతివిగ్రహంలా మెరుస్తోంది. అది అన్న పాల పడితే గోతాం కప్పి కొట్టంలో పెడతాడు. కోళ్లు దాని మీద ఎక్కి పడుకుంటాయి. ఆ కోళ్లు నా కళ్లముందు కనబడ్డాయి. మేనమామ "బాగా ఆలోచించుకోరా, అబ్బోడా" అంటూనే ఉన్నాడు. "బండి" అన్నాను. మెట్ట అని కూడా అనలేదు, బండి అన్నాను.

వారం తిరగకముందే అన్న కయ్యల్లో నీళ్లు పారుతుంటే చూశాను. అప్పుడు అర్థమైంది. ఎలుకబోనులో కొబ్బరిముక్క కాల్చి పెట్టినట్టు, నా బలహీనత ఎరిగి, దాన్నే కొక్కేనికి గుచ్చి, పద్ధతి పేరు చెప్పి బోను తలుపు తెరిచి పెట్టాడు. పరాయివాడు మోసం చేస్తే నన్ను ఎరగడు అని సర్దుకోవచ్చు. వీడు నన్ను ఎత్తుకు తిప్పినవాడు. నాకు ఏది ఇస్తే ఏడుపు ఆపుతానో చిన్నప్పటినుంచీ తెలిసినవాడు. ఆ కోపం తీర్చుకోవడానికే నేను గుట్ట ఎక్కడం మొదలుపెట్టాను. పొద్దున్నే కిక్కు కొట్టేవాణ్ణి, ఆ దడదడ అన్న ఇంటికి వినబడాలని వాళ్ల వాకిలి ముందునుంచే తిప్పేవాణ్ణి, మేకల దారిలోకి దూకించేవాణ్ణి. పడ్డాను, చర్మం గీరుకుపోయింది, సైలెన్సరు అంటుకుని పిక్క కాలింది. కాలిన ప్రతిసారీ అన్ననే తిట్టాను. గుట్ట చాలక తలకోన అడవి దారులు పట్టాను, హార్స్‌లీ హిల్స్ మలుపులు ఎక్కాను, దిగేటప్పుడు ఇంజను ఆపి కేవలం గాలి చప్పుడు వింటూ దిగాను. జనం నన్ను సాహసవంతుడనుకున్నారు. సాహసం కాదు, పాడు కాదు. ఒంట్లో ఉన్న కోపం ఎక్కడో ఒకచోట పెట్రోలుతో పాటు కాలాలి గదా!

ఒక వానాకాలం ఇక ఆగలేక అన్న ఇంటి ముందు బండి ఆపి, కాణిపాకం వచ్చి ప్రమాణం చెయ్యమన్నాను. మా ఐరాల చుట్టుపక్కల ఇది ఆఖరి మాట. కోర్టులో అబద్ధం చెప్పేవాడు కూడా తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి అబద్ధం చెప్పడు. అన్న కాదనలేదు. పొడిబట్టలు సంచిలో పెట్టుకుని వచ్చి, బస్సుకు ఇంకా టైముందని, నా బండి వెనకే ఎక్కాడు. ఇలాంటి సంగతి ఇంకెక్కడా జరగదు. మోసం చేశాడని నేను ప్రమాణానికి లాక్కుపోతున్న మనిషి, దారి పొడవునా నా నడుం పట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా "మెల్లిగా రా, మెల్లిగా" అంటూ కూర్చున్నాడు. నేను కావాలనే ఒక్క గుంతా వదల్లేదు.

కాణిపాకంలో వందమంది ముందు నిలదీశాను. వందమంది అంటే, టీకొట్టు ఆయన, గరిక అమ్మే ఒక ముసలమ్మ. "బండిని ఎరగా పెట్టలేదని స్వామి ముందు చెప్పు" అన్నాను. అన్న టీ తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు. తర్వాత, "నేను చెయ్యనురా. పద, ఇంటికి పోదాం" అన్నాడు.

"చెయ్యవా? అయితే ఒప్పుకున్నట్టేనా?"

"నువ్వెట్ల అనుకుంటే అట్ల. నన్ను ఇంగేం అడగొద్దు" అని సంచి తీసుకుని బస్సు ఎక్కాడు.

నేను లోపలికి పోయి నేనైనా ప్రమాణం చేసి ఉండొచ్చు. నిజం చెప్పాలంటే, స్వామి ముందుకు పోవాలంటే నాకూ భయమేసింది. బండి గురించి అప్పటికే నేను కోసిన కోతలు చాలా ఉన్నాయి.

ఆ రోజునుంచి మాటలు లేవు. ఒకే ఊరు, ఒకే వీధికి చెరో చివర. ఆయన కూతురి పెళ్లికి పోయాను, పంక్తిలో కూర్చుని తిన్నాను, ఆయన నెయ్యి వడ్డించడానికి వస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. రెండువేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేశాయి. బావి అడుగు కనిపించింది. అన్న బోరు మీద బోరు వేయించాడు, దుమ్మే వచ్చింది. కయ్యలు ఒక్కొక్కటే అమ్ముకున్నాడు, తోపు కూడా పోయింది. నేను సంబరపడాలి గదా? కోపం ఇంకా పెరిగింది. మోసం చేసి బాగుపడితే కనీసం మోసానికి ఒక ప్రయోజనం ఉండేది. ఎవరికీ కాకుండా పోయిన దాని కోసం నన్ను ఎలుకను చేశాడే! ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి. సాయంత్రం కర్ర పట్టుకుని మా వాకిలి ముందుగా నడిచిపోతాడు. గేటు దగ్గర ఒకసారి దగ్గుతాడు. నేను పేపరు అడ్డం పెట్టుకుంటాను.

ఇదంతా ఆ ముగ్గురికీ చెప్పేసరికి నా గొంతు పైకి లేచింది. మగపిల్లలు సైకిళ్ల వైపు చూశారు. ఆ అమ్మాయి మాత్రం, "మరి ఆయన తప్పు చేసుంటే నెయ్యెయ్యడానికి మీ దగ్గరికి ఎందుకొచ్చినాడు తాతా?" అంది.

"తప్పు చేసినోడే గదమ్మా వచ్చేది! తప్పు లేకపోతే ప్రమాణం ఎందుకు చెయ్యలేదు? కాణిపాకం దాకా వచ్చినోడు టీ తాగి ఎందుకు పోయినాడు?"

మా ఆవిడ లోపలినుంచి మజ్జిగ గ్లాసులు తెచ్చి ముగ్గురికీ ఇచ్చింది. నా గ్లాసు మాత్రం చేతిలోనే పెట్టుకుని నిలబడింది.

"ప్రమాణం యాడ చేస్తాడయ్యా, నాకు ఒట్టేసినోడు?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె ఆ అమ్మాయి వైపు తిరిగి, నేను అక్కడ లేనట్టు చెప్పింది. "బండిని మెట్టతో కట్టమని పంపకాలకు ముందు నేనే పొయ్యి మా బావను అడిగినానమ్మా. ఆయన ఒప్పుకోలేదు. తమ్ముడికి అన్యాయం చేసేదెట్ల అన్నాడు. బాయి మా ఆయనకొస్తే ఏడాది తిరక్కుండా అమ్మి ఆ బండినే కొనుక్కుంటాడు బావా, దూడని అమ్మినోడికి బాయి ఒగ లెక్కా అన్నా. ఆ మెట్టనైతే అమ్మాలన్నా కొనేవోడు లేడు, మా కడుపుకు అదన్నా మిగలనీ అన్నా. ఈయనకు తెలిస్తే నన్ను బతకనిస్తాడా? అందుకే చెప్పొద్దని వినాయకుని మీద ఒట్టు పెట్టించుకున్నా. ఆ మనిషి మాట నిలబెట్టుకున్నాడు."

ముప్పై ఏళ్లు ఒక మనిషి మీద నడిపిన కోపాన్ని ఉన్నట్టుండి ఆపమంటే ఎలా ఆగుతుంది? తాళం తిప్పేసినా పాత ఇంజను కాసేపు దానంతట అదే కొట్టుకుంటూనే ఉంటుంది. కాలం ముందుకు పోయిందని మనం అనుకుంటాం గానీ, నేను మాత్రం ఇన్నేళ్లూ ఆ టీకొట్టు ముందే స్టాండు వేసి నిలబడి ఉన్నాను.

"ఇన్నేండ్లలో ఒగ్గసారన్నా నాకు చెప్పొచ్చు గదా!" అని అరిచాను. వసారా కప్పు అదిరింది. ఆమె అదరలేదు.

"చెప్పేదానికి నువ్వు యాడ నిలిస్తివి? ఎప్పుడు సూసినా బండి మీదనే ఉంటివి. మీ అన్న మోసం చేసినాడు, మోసం చేసినాడని ఊరంతా చాటింపేస్తివి. మోసం గాదు. నీ చేతిలోంచి మట్టన్నా మిగిలించినాడు. కోపమొస్తే నా మీద పడు, ఆ ముసలాయన మీద గాదు. ఇదో, ముందు మజ్జిగ తాగి పడు."