ఒక ఎలక్ట్రిక్ ఆటో, ఒక సంత రోజు: భద్రాచలం నుంచి అడవి పల్లె దాకా

మా తమ్ముడు వెంకన్న భద్రాచలంలో డీజిల్ ఆటో నడుపుతాడు. పోయిన వానాకాలంలో నడుం పట్టేసి వారం పాటు మంచం దిగలేదు. దవాఖానాలో చూసిన డాక్టరు ఒకటే మాట చెప్పాడు. ఈ బండి అదురు నీ వెన్నుకు ఇక పడదు, అదురు లేని బండి అన్నా చూసుకో, పని అన్నా మానుకో అని. వెంకన్నకు వేరే పని రాదు. ఎలక్ట్రిక్ ఆటో కొందామంటే అడవి దారిలో, నిండు బరువుతో అది రోజంతా వస్తుందో రాదో తెలియదు. ఈ ప్రయాణం అందుకోసం చేసినదే.

నేను ఖమ్మంలో టీచరును. బడికి ఎలక్ట్రిక్ స్కూటర్ మీద పోతాను. ఛార్జర్ గురించి ఒక సందేహం వచ్చి కరెంటు బండ్లవాళ్ల ఆన్‌లైన్ ఫోరంలో చేరాను. సందేహం తీరినా అక్కడే ఉండిపోయాను. అక్కడ నా పేరు పెద్దక్క. రాసేది తక్కువ, చదివేది ఎక్కువ. వెంకన్నను కూడా చేర్పించి, నీ సంగతి అడుగు అన్నాను.

అడిగాడు. వాడు పొద్దున ఆరింటికి భద్రాచలంలో బయలుదేరి, దుమ్ముగూడెం రోడ్డు మీద కొంత పోయి, పక్కకు అడవిలోకి తిరిగి ఒక పల్లెకు వెళ్తాడు. పోను పాతిక కిలోమీటర్లు. సంత రోజున ఆ పల్లె ఆడవాళ్లను సరుకుతో సహా భద్రాచలం సంతకు దింపుతాడు, మధ్యలో మళ్లీ ఒకసారి పోయి వస్తాడు, సాయంత్రం వాళ్లను ఇళ్లకు చేర్చి తిరిగొస్తాడు. మొత్తం మూడు ట్రిప్పులు. కంపెనీవాళ్లు ఒక్క ఛార్జ్‌కు నూట నలభై కిలోమీటర్లు అంటున్నారు, నాకు నూట యాభై కావాలి, ఏం చేయాలి అని రాశాడు.

ఫోరంలో ఇద్దరు పెద్దమనుషులున్నారు. పాల్వంచ థర్మల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ చేసే ఆయన అక్కడ బొగ్గు బావ. కల్లూరు దగ్గర పొలంలో సోలార్ మోటారు పెట్టుకున్న రైతు ఎండ మామ. ముందు బొగ్గు బావే అందుకున్నాడు.

"తీస్కో తమ్మీ. నువ్వు అడవిల తిరిగినా పొగ మా చిమ్నీలకెళ్లే వస్తది. మాకేం ఇబ్బంది లేదు."

ఎండ మామ ఊరుకోలేదు. "ఆయన మాట వినకు వెంకన్నా. టాపు మీద రెండు సోలార్ పలకలు పెట్టుకో. ఎండ ఉన్నంతసేపు నడుస్తనే ఉంటది."

"మబ్బు పడితే?" అన్నాడు బొగ్గు బావ.

"పక్కకు ఆపి చాయ్ తాగాలె."

అశ్వారావుపేట పామాయిల్ తోటల్లో ట్రాక్టర్ నడిపే ఒకతను మధ్యలో దూరాడు. "చాయ్ ఖర్చు కిలోమీటరుకు ఎంత పడ్తది మామా?"

తెల్లారేసరికి జోకులు పేజీలు దాటాయి. జవాబు మాత్రం లేదు. వెంకన్న నాకు ఫోన్ చేశాడు. "అక్కా, గీళ్లు మనుషులేనా? నడుం పోయిందని అడిగితే చాయ్ లెక్కలు చెప్తుండ్రు."

"తిట్టకు. నేనొస్తున్నా, చూద్దాం" అన్నాను.

సంతకు ముందు రోజు మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఖమ్మంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్లకు ఆధార్ చూపిస్తే టికెట్ డబ్బు లేదు. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా మూడు గంటలు దాటుతుంది. కిటికీ పక్క సీటు కావాలంటే బస్టాండులో కాస్త ముందుగా ఉండాలి. పాల్వంచలో చిమ్నీలు కనబడితే ఫోటో తీసి ఫోరంలో పెట్టాను.

"అక్కా, చెయ్యి ఊపు, డ్యూటీలనే ఉన్న" అని బొగ్గు బావ వెంటనే రాశాడు. "నీ స్కూటర్‌కు రేపటి టిఫిన్ ఈడనే వండుతున్నం."

"మా మోటారుకు వండేటాయన పైనున్నడు. షిఫ్టు లేదు, జీతం లేదు" అని ఎండ మామ.

"అవ్, వానకాలమంతా లీవు పెట్టుకుంటడు గద!"

భద్రాచలంలో దిగి, తమ్ముడి ఇంట్లో కాళ్లు కడుక్కుని సాయంత్రం దర్శనానికి వెళ్లాను. వారం మధ్యలో కనుక రద్దీ లేదు, అరగంటలో అయింది. వస్తున్నానని తెలిసి ఫోరంలో ఒకబ్బాయి తన స్కూటర్ బ్యాటరీ పేరు మీద అర్చన చేయించమన్నాడు. నీ పేరు, గోత్రం పంపు, బ్యాటరీ సంగతి స్వామి చూసుకుంటాడు అని రాశాను. నిజంగానే పంపాడు. చేయించాను.

మర్నాటికి మాట్లాడుకున్నది యాకూబ్ భాయ్ ఎలక్ట్రిక్ ఆటో. ఆయన గుడికీ బస్టాండుకూ మధ్య యాత్రికులను తిప్పుతాడు. రోజంతా అడవి దారికి కిరాయి పద్దెనిమిది వందలు అన్నాడు, నేను బేరం ఆడలేదు. అనుకున్నది ఒకటే. వెంకన్న సంత రోజు పని ఎలా ఉంటుందో అలాగే, అదే బరువుతో, అవే వేళల్లో చేసి చూడాలి.

ఆరింటికి నేనూ వెంకన్నా బండి ఎక్కేసరికి స్క్రీన్ మీద ఎనభై శాతం చూపిస్తోంది. "నిండా పెట్టలేదా భాయ్?" అన్నాను.

"ఎనభై దాటొద్దట గదమ్మా. బ్యాటరీ ఉమర్ తగ్గుతదని మీ ఫోరంల రాసిండ్రని వెంకన్న రాత్రి ఫోన్ చేసి చెప్పిండు. గందుకే పీకేసిన."

బ్యాటరీ ఎక్కువ కాలం రావాలంటే అంటూ ఎండ మామ అందరికీ చెప్పే మాట అది. నేనూ చాలాసార్లు చదివాను, నా స్కూటర్‌కు అలాగే చేస్తాను. సరే అన్నాను.

ఊరు దాటాక మంచు పలచగా ఉంది. దుమ్ముగూడెం రోడ్డు బాగుంది, పర్ణశాలకు పోయేవాళ్లదీ ఇదే దారి. పక్కకు తిరిగాక టేకు చెట్ల మధ్య దారి సన్నబడి, కాస్త ఎగువకు పోతుంది. ఫోన్ సిగ్నల్ అక్కడితో సరి. పల్లె మొదట్లో ఆడవాళ్లు చీపురు కట్టలు, ఉసిరికాయల గంపలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లతో నిలబడి ఉన్నారు. మేం పక్కకు వచ్చి ఆగేదాకా ఎవరూ తిరిగి చూడలేదు.

"గిదేంది వెంకన్నా, సప్పుడు లేకుంట వస్తివి?" అంది వాళ్లలో పెద్దామె లచ్చమ్మ. "బండి బతికే ఉన్నదా?"

"ఉన్నది, ఎక్కు."

ఆమె కోళ్లను కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది, బండి కదిలింది. తర్వాత, "మా కోళ్లు గింత మొత్తుకుంటయని ఇప్పుడే తెలుస్తున్నది" అంది. డీజిల్ మోతలో అవి ఎప్పుడూ వినబడలేదట.

వాళ్లను సంతలో దింపి, టిఫిన్ చేసి, వెంకన్న ఎప్పుడూ వెళ్లే వేళకు రెండో ట్రిప్పుకు బయలుదేరాం. ఈసారి హ్యాండిల్ వాడికే ఇచ్చాడు యాకూబ్ భాయ్. పల్లెలో టీ తాగి, సంతకు పోయే మిగతావాళ్లనూ వెదురు బుట్టలనూ ఎక్కించుకున్నాం. వెనక్కి వచ్చేటప్పుడు వెంకన్న ముఖం చూశాను. నడుం మీద చెయ్యి పెట్టుకోలేదు. గతుకు వచ్చినప్పుడల్లా పళ్లు బిగించే అలవాటు కూడా ఆ పూట కనబడలేదు. స్క్రీన్ వైపు మాత్రం నేనే చూస్తూ ఉన్నాను. ఇరవై, పదిహేను, ఎనిమిది.

భద్రాచలం ఇంకా ఐదు కిలోమీటర్లు ఉందనగా బండి మనిషి నడిచే వేగానికి పడిపోయింది, ఇంకాస్త పోయి ఆగిపోయింది. బుట్టలవాళ్లు దిగి వేరే ఆటోలు పట్టుకున్నారు. వెంకన్న రోడ్డు పక్కన కూలబడ్డాడు. వాడిని బండి తోయనియ్యలేదు. నేను మనసులో రామనామం చెప్పుకుంటూ నిలబడ్డాను. ఫోన్ చేస్తే కాసేపటికి వెంకన్న స్నేహితుడు రాజు, వాడి డీజిల్ ఆటోనే వేసుకుని వచ్చాడు. వెంకన్నకు నడుం నొప్పి ఉన్నప్పుడు వాడి బండి నడిపిపెట్టేది ఇతనే.

"ఏం వెంకన్నా, గోదారిలకెళ్లి కరెంటు తెద్దామని ఆగినవా?"

"నోరు ముయ్యి, తాడు తియ్యి."

ముందు డీజిల్ ఆటో, వెనక తాడుతో ఎలక్ట్రిక్ ఆటో. ఫోటో తీశాను. వెంకన్న చూసి చేతులు జోడించాడు. "అక్కా, నీకు దండం పెడ్త, అది మాత్రం పెట్టకు. ఇజ్జత్ పోతది."

"అడిగింది నువ్వే కదరా. మంచిదొకటే చెప్తే నిన్ను చూసి ఇంకొకడు కొని రోడ్డు మీద కూర్చుంటాడు." అక్కడికక్కడే పెట్టాను.

బొగ్గు బావ: "ముందట డీజిలు, ఎన్క కరెంటు. గిట్ల గూడ హైబ్రిడ్ చేస్తరని తెల్వది."

ఎండ మామ: "ఎండ మంచిగనే ఉన్నది గద, నా మాటిని పలకలు పెట్టుకుంటే..."

ట్రాక్టర్ అతను: "మామా, చాయ్ ఎన్ని తాగాల్నో అది చెప్పు."

ఎనభై దగ్గర పీకి బయలుదేరామని రాశాను. ఆ మాట ఎవరిదో రాయలేదు. తర్వాత ఎండ మామే రాశాడు. "అది ఊళ్లె తిరిగే బండికి చెప్పిన మాట అక్కా. అడవికి పోయేటోడు అని చూడకుంట చెప్పిన. తప్పు నాదే." వెంటనే బొగ్గు బావ: "మామ తప్పు ఒప్పుకున్నడు. జల్దీ స్క్రీన్‌షాట్ తీస్కోండ్రి."

యాకూబ్ భాయ్ ఇంటి దగ్గర ప్లగ్గు పెట్టి, సంతలో ఒక అరుగు మీద కూర్చుని ముగ్గురం లెక్క వేశాం. నిండా ఛార్జ్‌తో పోతే రెండు ట్రిప్పులు వస్తాయి. మూడోదానికి మధ్యలో రెండు గంటలు ప్లగ్గు పెట్టాలి. రెండో ట్రిప్పు ముగిసేది రెండున్నరకు, ఆడవాళ్లు ఎక్కేది మూడున్నరకు. ఉన్నది ఒక్క గంట. వాళ్లను ఇంకో గంట ఆపితే చలికాలంలో అడవిలోనే చీకటి పడుతుంది. "అయితే నాతోని కాదక్కా" అన్నాడు వెంకన్న. వాడు అన్నది బండి గురించి కాదు, తన బతుకుతెరువు గురించని నాకు తెలుసు.

ఖాళీ గంప పక్కన పెట్టుకుని లచ్చమ్మ అంతా వింటోంది. "ఒక గంట తక్కువైందనే గదా మీ ఏడుపు?"

"అవ్."

"అయితే పొద్దుగాల గంట ముందు రా."

"ఐదింటికి బయలెల్లాల్నా? మీరు లేస్తరా?"

పక్కనున్న ఆడవాళ్లు ఒక్కసారి నవ్వారు. "మేం నాలుగింటికే లేచి పొయ్యి ఎలిగిస్తం. నువ్వు వచ్చేదాక గంపలు ముందట పెట్టుకుని కూసుంటం" అంది లచ్చమ్మ. "ముఖం గూడ కడుక్కోకుంట వచ్చేటోనివి నువ్వు. బండికెందుకు పెడ్తున్నవ్ పేరు? నిద్ర నీది."

యాకూబ్ భాయ్ ముఖం పక్కకు తిప్పుకుని దగ్గాడు. ఆ సాయంత్రం వాళ్లను రాజు డీజిల్ ఆటోలో ఇళ్లకు దింపాడు.

రాత్రి ఫోరంలో నా జవాబు రాశాను. నిండా ఛార్జ్ చేయండి, మధ్యాహ్నం రెండు గంటలు ప్లగ్గు పెట్టండి, గంట ముందు లేవండి, మూడు ట్రిప్పులు వస్తాయి. "గదంతా మంచిదే గని అక్కా, లేపే ఛార్జర్ ఏ కంపెనీది?" అన్నాడు బొగ్గు బావ. అప్పుడు వెంకన్న ఆ ఫోరంలో రెండోసారి నోరు విప్పాడు. "మా ఆవిడ. అందరు నోరు మూసుకుని పండుకోండ్రి."

తర్వాతి సంతకు వెంకన్న యాకూబ్ భాయ్ బండినే మళ్లీ తీసుకుని, ఐదింటికి బయలుదేరి, మూడు ట్రిప్పులూ వాడే నడిపాడు. ఆడవాళ్లను వెలుతురు ఉండగానే దింపాడట. ఇల్లు చేరేసరికి తొమ్మిది శాతం మిగిలింది. ఆ రాత్రి నడుం పట్టీ లేకుండా పడుకున్నాడని మరదలు ఫోన్ చేసి చెప్పింది. పాత బండి అమ్మకానికి పెట్టారు.

మేమంతా బ్యాటరీ గురించే వాదించుకున్నాం. ఆ బండి ఎక్కి దిగేవాళ్లను మాత్రం ఎవరం అడగలేదు. జోకులు వేసినవాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ నవ్వులే లేకపోతే వెంకన్న కోపం తెచ్చుకునేవాడు కాదు, నేను బస్సు ఎక్కేదాన్ని కాదు. ఏది ఎవరి చేత చెప్పిస్తాడో స్వామికే తెలియాలి. మనం కాస్త చెవి ఒగ్గితే చాలు.

ఎలక్ట్రిక్ ఆటోలో పర్ణశాలకు గానీ, ఆపై అడవి పల్లెలకు గానీ పోయేవాళ్లకు ఒక మాట: కంపెనీ చెప్పిన దూరంలో నాలుగో వంతు తీసేసి లెక్క వేసుకోండి, ముందు రోజు రాత్రే డ్రైవరుకు ఫోన్ చేసి నిండా ఛార్జ్ చేయమని చెప్పండి.